పాలారు ఇసుకయు బావుల ఊటయు

వేలూరు, గుడియాత్తము, వాలాజాపేట, నెమిలి ప్రాంతములలోని తెలుగువారికి పాలారు క్రొత్తది కాదు. కర్ణాటకమున నందికొండల చెంత పుట్టి, కోలారు సీమ దాటి, చిత్తూరు జిల్లాలో కుప్పము ప్రాంతమును తాకి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, ఆర్కాడు పట్టణముల ప్రక్కగా సాగి, వాయలూరు వద్ద బంగాళాఖాతమున కలియు ఈ నది పొడవు 348 కిలోమీటర్లు. అందు 93 కర్ణాటకమునను, 33 ఆంధ్రమునను, తక్కిన 222 తమిళనాడునను కలవు. సంస్కృతమున దీనికి క్షీరనది యని పేరు. ఏడాదిలో పెక్కు నెలలు ఎండియుండు ఏటికి ఇట్టి పేరేల యని పరాయివాడు నవ్వుకొనవచ్చును. వంతెనమీదినుండి చూచి పోవువానికి పాలారు కనబడదు. ఇసుకను నాలుగు మూరలు త్రవ్వినవానికే కనబడును. ఏలయనగా దాని నీరు చాలవరకు ఇసుకపై గాక ఇసుకలో పారును.

ఈ సంగతి పూర్వులకు తెలియును. ఏటిలో దప్పికగొన్న బాటసారి చేతులతో ఇసుక తోడి చెలమ చేయును. కొంతసేపటికి తేటనీరు ఊరును. రైతు ఆ చెలమనే సాగదీసి ఊటకాలువ యనెను. పట్టణము దానినే లోతు చేసి, ఒరలు దించి, యంత్రము బిగించి, ఊటబావి యనెను. వేలూరు మొదలు చెన్నపట్టణపు పొలిమేరలలోని తాంబరము, పల్లావరముల వరకు పెక్కు పట్టణములు ఈ నీటిని త్రాగినవి. కల్పాక్కములోని అణువిద్యుత్కేంద్రమునకును మంచినీరు పాలారు గర్భమునుండియే పోవును. కాని గడచిన కొన్ని దశాబ్దములలో ఆ ఇసుకకు వేరొక వెల ఏర్పడినది. ఇండ్లు, వంతెనలు, రహదారులు కట్టువారికి ఇసుకయు, దాని క్రింది గులకరాళ్లును, కంకరయు కావలెను. బండి కెక్కిన ఇసుకకు వెల కట్టుట సులభము. ఏటిలో నున్నపుడు అది చేయు పనికి వెల కట్టినవారు అరుదు. ఆ పని యెట్టిదో, ఇసుక పోయిన యెడల బావుల కేమగునో, ఆ కీడును తగ్గించు మార్గము లెవ్వియో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట నేల స్వభావమును గుర్తించవలెను. పూర్వపు ఉత్తర ఆర్కాడు జిల్లా సీమ (1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు ప్రాంతమును ఇందులోనిదే) చాలవరకు గట్టి రాతినేల. క్రింద నైసు, గ్రానైటు, చార్నొకైటు శిలలు పరచుకొని యున్నవి. ఇట్టి నేలలో నీరు దొరకునది రెండు చోట్లనే: పైన కుళ్లి మెత్తబడిన రాతిపొరలోను, దాని క్రింది నెఱ్ఱెలలోను. బోరు వేయువారు అదృష్టమును వెదకుచున్నామని చెప్పుట ఈ కారణముననే. ఏటి వెంబడి మాత్రము వేల యేండ్లుగా వెల్లువలు తెచ్చిపోసిన ఇసుక, గులక, ఒండ్రు ఒక సన్నని పట్టీవలె పరచుకొని యున్నవి. నమ్మదగిన నీటినిలువ ఈ పట్టీలోనే కలదు. గోదావరీ కృష్ణా తీరములవలె ఇచ్చట ఒండ్రునేల విస్తారము కాదు. కొంచెముగా నున్నది గనుకనే దాని విలువ హెచ్చు.

ఇసుక నీటిని దాచు విధము సులభముగా తెలియును. కణమునకు కణమునకు నడుమ సందులుండును. ముతక ఇసుకలో నూటికి ముప్పది పాళ్ల వరకు సందులే. అందలి నీరంతయు బావికి రాదు. కొంత కణముల నంటుకొని యుండిపోవును. అయినను మొత్తపు పరిమాణమున అయిదవ వంతు నీరు బావికి చిక్కునని లెక్కించుట అతిశయోక్తి కాదు. ఏటిలో ఒక కిలోమీటరు పొడవున, 200 మీటర్ల వెడల్పున, 2 మీటర్ల లోతున ఇసుక తీసి రనుకొందము. అది 4 లక్షల ఘనమీటర్లు. దానిలో అయిదవ వంతు 80,000 ఘనమీటర్లు, అనగా 8 కోట్ల లీటర్లు. జల్ జీవన్ మిషన్ గ్రామములకు నిర్ణయించిన కొలతప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున లెక్కించినచో, 10,000 జనమునకు అది 145 దినముల నీరు. ఇసుక యున్నంతకాలము, ఏరు పారినప్పుడెల్ల ఈ తొట్టి మరల నిండును. ఒక్క సంవత్సరపు నీరు పోయినచో మరుసటి సంవత్సరము వచ్చును. తొట్టియే పోయినచో వచ్చిన నీటిని పట్టి యుంచునది లేదు. ఇసుక అమ్మకపు చిట్టాలో ఈ తొట్టి వెల ఎన్నడును చేరదు.

ఈ తొట్టికి మూత కూడ కలదు. చెరువులోని నీరు ఎండకు ఆవిరియై పోవును. ఇసుకలోని నీరు పైనుండి రెండు మూడడుగులు దిగిన పిమ్మట ఎండ దానిని అంటజాలదు. వేసవిలో చెరువులు బీటలు వారిన పిదపను ఏటి చెలమలో నీరుండుట ఇందువలననే. ఇదిగాక ఇసుక వడపోతగుడ్డ వలె పనిచేయును. మెల్లగా దిగు నీటిలోని మష్టు పైననే ఆగును. రోగకారకములైన సూక్ష్మజీవులును చాలవరకు నశించును. తొట్టియు, మూతయు, వడపోతయు ఒక్కటియైన వస్తువును లారీలలో నింపి పంపుచున్నాము.

ఇసుక తీసిన చోట బావు లేల ఎండును? ఏటిలో ఇద్దరు పిల్లలు ప్రక్కప్రక్కన చెలమలు త్రవ్వుచున్నారనుకొందము. ఒకడు మూరెడు త్రవ్వి నీరు చూచి ఆగెను. రెండవవాడు రెండు మూరలు త్రవ్వి ఆ నీటిని తోడి పారబోయుచుండెను. కొంతసేపటికి మొదటివాని చెలమ ఎండును. వాని నీరు ఇసుక సందులనుండి రెండవవాని గోతిలోనికి జారినది. ఏటిగర్భమున ప్రొక్లెయిను యంత్రము త్రవ్విన గొయ్యి రెండవ చెలమ. గట్టుమీది రైతు బావి మొదటి చెలమ. గొయ్యి నీటిమట్టమునకు దిగువకు పోయినచో అందు నిలిచిన నీరు మూతలేని పాత్రలోనిదై ఎండకు ఆవిరియగును, లేదా పల్లమునకు పారిపోవును. ఇరుప్రక్కల నేలలోని నీరు దానిని భర్తీ చేయుటకు వచ్చుచుండును. ఒకప్పుడు వెల్లువ నీటిని గట్టులకు పంచిపెట్టిన ఏరు, ఇప్పుడు గట్టుల నీటిని పీల్చి పారవేయు కాలువయై మారును. ఏటినుండి అర మైలు దూరమునగల బావికి సహితము ఈ నష్టము నిదానముగా చేరును. నిదానముగా చేరుటచేతనే బావి యజమాని కారణమును ఏటిలో వెదకక, ఆకాశమును నిందించి, బావిని మఱికొంత త్రవ్వించును. పిదప బోరు వేయించును. అప్పు పెరుగును, ఊట పెరుగదు.

వెల్లువ వచ్చినపుడు గోతులన్నియు పూడును గదా యని కొందరందురు. పూడును; కాని దేనితో పూడునో చూడవలెను. నిలిచిన గోతిలో మొదట దిగునది సన్నని ఒండ్రు. అది అడుగున మైనపు పూతవలె పేరుకొని నీటిని క్రిందికి దిగనీయదు. ముతక ఇసుక ఎగువనుండి దొరలి రావలెను. ఎగువన ఆనకట్టలు దానిని ఆపినయెడల రాదు. గుడియాత్తము నడుమ పారు కౌండిన్య నదిపై ఎగువన మోర్ధాన జలాశయము కలదు. అది నీటి కెంతయో మేలు చేసినది. కాని జలాశయము నీటితోపాటు ఇసుకను కూడ ఆపును గనుక దాని దిగువన తీసిన ఇసుక తిరిగి చేరుటకు తరములు పట్టును. అట్టి చోట ఇసుక తీయుట వడ్డీ తినుట కాదు, అసలు తినుట. ఇసుక పోయి బంకమట్టి తేలిన చోట్ల సర్కారు తుమ్మ అడవియై పెరుగుచుండుట ఈ ప్రాంతమున ఎల్లరును చూచుచున్నదే.

ఊటకాలువల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. ఆనకట్ట లేకయే, ఎత్తిపోయకయే ఏటి గర్భజలమును పొలమునకు తెచ్చిన నేర్పు అది. ఏటి వాలు కంటె కాలువ వాలు తక్కువగా నుండునట్లు ఇసుకలో త్రవ్వుదురు. కొంతదూరము పోవుసరికి కాలువ ఏటిగర్భముకంటె ఎత్తునకు వచ్చి, గట్టు దాటి చెరువునకు చేరును. ఉదాహరణమునకు, ఏరు కిలోమీటరుకు రెండు మీటర్లు దిగుచుండగా కాలువ ఒక్క మీటరే దిగిన దనుకొందము. కిలోమీటరు పోవుసరికి మీటరు ఎత్తు లాభించును. ఇప్పుడు ఇసుక తీయుటవలన గర్భజలము ఒక్క మీటరు క్రుంగినచో, ఆ కాలువ తలను మఱియొక కిలోమీటరు ఎగువకు జరుపవలెను. రెండు మీటర్లు క్రుంగినచో రెండు కిలోమీటర్లు. ఎగువన వేరొక ఊరివారి కాలువ తల యుండును. కావున జరుపుట సాధ్యము కాదు. కాలువ ఎండును, దాని వెంట చెరువును ఎండును. ఏటా కాలువ పూడిక తీయుటకు ఇంటికొకడు చొప్పున వచ్చు కట్టుబాటును దానితోనే సన్నగిల్లును. ఒక ఊటకాలువతో పోవునది నీరు మాత్రమే కాదు.

నెమిలి పాలారు గట్టున లేదు. పేరు వినగానే తెలుగువానికి పురివిప్పిన పక్షి జ్ఞప్తికి వచ్చు ఆ ఊరు కుశస్థలి నదీప్రాంతమునది. అయినను పాలారు క్షేమముతో దానికి సంబంధము లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దిమధ్యమున వాలాజాపేట వద్ద పాలారుపై కట్టిన ఆనకట్టనుండి నాలుగు కాలువలు బయలుదేరును: ఒక ప్రక్క కావేరిపాకము, మహేంద్రవాడి కాలువలు, వేరొక ప్రక్క చక్రమల్లూరు, దూసి కాలువలు. మహేంద్రవాడి నెమిలికి సమీప గ్రామము. ఏడవ శతాబ్దిలో పల్లవ మహేంద్రవర్మ అచ్చట ఒక రాతిగుండును తొలిపించి విష్ణుగృహము చేయించెను. ఆ గుహలోని శాసనము మహేంద్రతటాకమను చెరువును పేర్కొనుచున్నది. సుమారు పదునాలుగు వందల యేండ్ల క్రిందటి రాజు దేవునితోపాటు చెరువును తలచుకొనెను. ఆనకట్టకు ఎగువన ఏటిగర్భమున గోతులున్నచో, ఋతువు ఆరంభమున వచ్చు చిరుప్రవాహములు ఆ గోతులు నింపుటకే చాలును. కాలువ తూములకు అందవు. కావేరిపాకము చెరువు నిండి మిగిలిన నీరు కుశస్థలిలోనికి పోయి పూండి జలాశయమున చేరును గనుక, పాలారులోని గొయ్యి నెమిలి బావిని మాత్రమే గాక చెన్నపట్టణపు కుళాయిని సహితము కొంత బాధించును. నెమిలివారు తమ ఏటిని తాము కాపాడుకొనినను, ఎగువ తాలూకాలో జరుగుదానిని పట్టించుకొనక తప్పదు.

ఇసుక తీసిన నదికి వేరొక లక్షణము పుట్టును. కాలిఫోర్నియాకు చెందిన నదీశాస్త్రజ్ఞుడు జి. మేథియస్ కాండాల్ఫ్ 1997లో ప్రకటించిన వ్యాసమున దీనికి ‘ఆకలిగొన్న నీరు’ అని పేరు పెట్టెను. పారు నీరు తన బలమునకు తగినంత ఇసుకను మోసికొని పోవును. గోతిలో ఆ ఇసుక దిగిపోయిన పిమ్మట, బయటికి వచ్చు నీరు వట్టి చేతులతో వచ్చును. ఆకలి తీర్చుకొనుటకు దిగువ గర్భమును, గట్టులను కోయును. గోతి ఎగువ అంచు కూడ వెల్లువకు విరిగి, కోత ఎగువకు ప్రాకును. అనగా ఒకచోట త్రవ్విన గొయ్యి రెండు దిక్కుల నడచును. గ్రావెలు తీసిన కాలిఫోర్నియా నదులలో గర్భము మీటర్ల కొలది క్రుంగి, వంతెనల పునాదులు బయటపడి, ప్రక్క నేలలలోని నీటినిలువ తగ్గినదని ఆయన చూపెను. 2021 నవంబరులో పాలారు, పొన్నై, కౌండిన్య నదులు పొంగినవి. ఆ డిసెంబరులో తిరువలము వద్ద పొన్నై నదిమీది రైలువంతెన స్తంభము దెబ్బతిని రైళ్లు నిలిచిపోయెను. ఒక వంతెన దెబ్బతినుటకు కారణములు పెక్కు లుండవచ్చును. కాని పునాది చుట్టునున్న ఇసుకయే దానికి కవచమని ఇంజనీర్లందరు నెరిగినదే.

పాలారు లోయకు ప్రత్యేకమైన కష్టము ఇంకొకటి కలదు. తోళ్లు పదునుచేయు కార్ఖానాల మురుగువలన ఇచ్చటి నేల, నీరు చెడినవి. తోళ్ల కార్ఖానాలున్న ప్రాంతమున సుమారు 35,000 హెక్టారుల సాగునేల కొంతగనో పూర్తిగనో పనికిరాకపోయినదని 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు పౌరసంఘము తెచ్చిన వ్యాజ్యములోని తీర్పులో పేర్కొనెను. చెడిన నీటిని పలుచన చేయునది వెల్లువలో ఇసుక పీల్చుకొను క్రొత్తనీరు. ఇసుక తగ్గినచో పలుచనయగుటయు తగ్గును. ఉప్పు మాత్రము మిగులును. అంతకంటె ప్రమాదకరమైనది, వదలివేసిన గోతులను చెత్తతోను కార్ఖానా వ్యర్థములతోను నింపుట. అది బావిలో నేరుగా విషము పోయుటతో సమానము.

ఏటిలోనిదే కాక మెట్టనేలల ఎఱ్ఱ మొరమును, చెరువులలోని ‘సవుడు’ మట్టిని తీయుటయు హెచ్చినది. చెరువు పూడిక తీయుట మంచిపనియే. పైన పేరుకొన్న ఒండ్రు తీసినచో నిలువ పెరుగును, ప్రక్క బావులకు ఊట హెచ్చును, ఆ ఒండ్రు పొలమునకు ఎరువగును. కాని పూడిక తీయుదుమని అనుమతి పొంది క్రింది ఇసుకవరకు త్రవ్వుట వేరు. తూము మట్టమునకు దిగువనున్న గోతిలోని నీరు ఆయకట్టుకు పారదు. తూము తెరచిన రైతునకు నిండు చెరువు కనబడుచుండగనే మడి ఎండును. మొరపు గుట్టలు వాననీటిని మెల్లగా దింపు జల్లెడలు. వాటిని నేలమట్టము చేసినపిమ్మట వాన ఆగక పరుగెత్తును. ఏటి ఇసుకకు బదులుగా రాయి పిండిచేసి వాడుట మంచిదనుట కొంతవరకు నిజము. ఏటికి అది విశ్రాంతి. అయితే ఆ రాయియు ఏదో ఒక కొండనుండియే వచ్చును. రాతిక్వారీ నీటిమట్టము దాటి దిగినచో చుట్టుప్రక్కల బావులను అదే విధముగ పీల్చును.

చట్టములు లేవని చెప్పుటకు వీలులేదు. తమిళనాడున 2003లో ఏటి ఇసుక త్రవ్వకమును ప్రభుత్వమే చేపట్టినది. వంతెనలకు, నీటి సరఫరా బావులకు, పంపులకు 500 మీటర్లలోపల ఇసుక తీయరాదని ఆ రాష్ట్ర నియమములు చెప్పుచున్నవి. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అయిదు హెక్టారులలోపు గనులకు సహితము పర్యావరణానుమతి ఉండవలెనని నిర్ణయించినది. 2016లో కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములు, త్రవ్వకము మూడు మీటర్లు గాని నీటిమట్టము గాని, ఏది ముందు వచ్చిన అచ్చట ఆగవలెనని చెప్పినవి; జిల్లాకొక సర్వే నివేదిక ఉండవలెనన్నవి. కేరళమున 2001 చట్టము ప్రకారము రేవునకొక స్థానిక సంఘమును, ఏటిలో ఎంత ఇసుక చేరుచున్నదో లెక్కించు ఇసుక తనిఖీయు ఏర్పడినవి. ఈ తనిఖీయే కీలకము. సంవత్సరమున వెల్లువ తెచ్చినంతకు మించి తీసినచో, నియమములన్నియు పాటించినను ఏరు క్రుంగక మానదు.

నివారణోపాయములలో మొదటిది కొలత. ఏటికి అడ్డముగా గట్టునుండి గట్టునకు అచ్చటచ్చట రాతికంబములు నాటి, వానలకు ముందును వెనుకను గర్భపు ఎత్తును కొలువవలెను. క్రుంగిన చోట తీయుట ఆపవలెను. తీయదగిన చోట లోతుగా కాక పలుచగా, సమముగా, నీటిమట్టముపై కనీసము ఒక మీటరు ఇసుక మిగులునట్లు తీయవలెను. ఒకేచోట మూడు మీటర్ల గొయ్యి కంటె, విశాలమైన మేటపై మూరెడు తీయుట మేలు. మేట వెల్లువకు మరల పెరుగును, గొయ్యి చెడిపోవును. ఎద్దుబండ్ల కాలమున ఏరు ఇట్లు చెడకుండుటకు బండివాని ధర్మబుద్ధి కారణము కాదు. ఎద్దు లోతైన గోతిలోనుండి బరువు లాగజాలదు. ఊటకాలువ తలలకును, మంచినీటి బావులకును చుట్టు నిషేధ ప్రదేశమును నియమించి, హద్దురాళ్లు పాతి, ఊరివారికి తెలియునట్లు చేయవలెను. హద్దు కాగితముపై మాత్రమున్నచో రాత్రి వచ్చు టిప్పరునకు కనబడదు.

ఇదివరకే క్రుంగిన ఏటికి అడ్డుకట్టలు ఉపకరించును. తక్కువ ఎత్తున కట్టిన కట్ట వెనుక మొదట ఇసుక నిలుచును, ఆ ఇసుకలో నీరు నిలుచును. చెంగల్పట్టు జిల్లాలో పాలారుపై ఈసూరు–వల్లిపురము వద్దను, సముద్రసమీపమున వాయలూరు వద్దను ఇటీవలి సంవత్సరములలో ఇట్టివి కట్టిరి. నేలలో రాతివరకు దించు భూగర్భపు అడ్డుగోడయు కలదు. కాని అది దిగువ గ్రామపు ఊటను ఆపవచ్చును గనుక ఇరుగ్రామములు సమ్మతించిన పిదపనే కట్టుట న్యాయము. వేలూరు సీమలోనే నాగనది పరీవాహమున స్త్రీలు ఉపాధి హామీ పథకపు పనులలో వాగులలో ఇంకుడు బావులు త్రవ్వి, రాతికట్టలు పేర్చిరి. ఆ పని దేశమంతట ప్రశంస పొందినది. పెద్ద యంత్రములు చెఱచిన దానిని గంపలును పారలును కొంత బాగుచేయగలవని అది చూపినది. మెట్టనేలలోని పాత మొరపు గోతులను ఇంకుడు కుంటలుగా మార్చవచ్చును. ముందు చిన్న గుంటలో మష్టు దించి, తేరిన నీటినే పెద్దదానిలోనికి విడువవలెను. మురుగు కలియు వాగును మాత్రము అందులోనికి ఎన్నడును మళ్లింపరాదు.

వీటన్నిటికిని సాక్ష్యము కావలెను. ‘బావులు ఎండినవి’ అను మాటను అధికారి వినును. ‘వాన తక్కువ’ అని ప్రత్యుత్తరమిచ్చును. ఊరి బావులలో నాలుగింటిని, ఏటికి దగ్గరివి రెండు, దూరపువి రెండు, ఎన్నుకొనవలెను. ఒరపై సున్నముతో గుర్తు పెట్టి, ముడులు వేసిన త్రాటికి చిన్న బరువు కట్టి, పంపులు నడువకముందు తెల్లవారుజామున నీటిలోతు కొలువవలెను. పదునాలుగేండ్ల బడిపిల్లలు చేయగల పని ఇది. నెలకొకసారి తేదీ, లోతు, ఆ నెల పడిన వాన ఒక పుస్తకమున వ్రాయవలెను. వాన సమానముగా నుండి, దూరపు బావులు నిలిచియుండగా, ఏటి దగ్గరి బావులు మాత్రము ఏటేట దిగుచున్నచో, తప్పు వానది కాదని ఆ పుస్తకమే చెప్పును. తమిళనాడున 2022 నుండి గ్రామసభలు ఏడాదికి నాలుగుకు బదులు ఆరు జరుపవలెనని నిర్ణయమైనది. క్రొత్తగా చేర్చిన రెండింటిలో ఒకటి మార్చి 22, ప్రపంచ జలదినము. అప్పటికి ఈశాన్య ఋతుపవనపు నీరు ఇసుకలో ఎంత మిగిలినదో బావులలో తెలియుచుండును. ఆ పుస్తకమును ఆ దినమున సభలో చదివి, తీర్మానపు పుస్తకమున అంకెలతో సహా ఎక్కింపవలెను.